బరాత్‌లో రివాల్వర్ పాఠం

పెళ్లి బరాత్‌లో తుపాకీ పేలిస్తే తప్పంటారేమిటండీ? అది చదువు! ఫీజు లేని చదువు!

మా భిలాయిలో ఇనుము కరిగించడం తెలిసినవాళ్లు ఇంటికొకరు. కానీ తుపాకీలో ఏ ముక్కని ఏమంటారో అడగండి, నోరు తెరిస్తే ఒట్టు. నేనూ అంతే. స్టీల్ ప్లాంట్‌లో జీవితమంతా గడిపి రిటైరైనవాణ్ణి, రివాల్వరూ పిస్టలూ ఒకటే అనుకునేవాణ్ణి. సిగ్గుచేటు కాదూ?

ఆ సిగ్గు పోగొట్టిన మహానుభావుడు సత్యప్రసాద్.

సెక్టర్ 2లో మా పక్క క్వార్టర్ నరసింగరావు కూతురు రోహిణి పెళ్లి. పెళ్లికొడుకు వెంకట్‌ది క్యాంప్ 2. బుద్ధిమంతుడు. అతని మేనమామే సత్యప్రసాద్, లారీల కాంట్రాక్టరు. వాళ్ల తాతలది విజయనగరమే గానీ ఇక్కడి గాలి బాగా సోకింది. బరాత్‌లో తుపాకీ పేలకపోతే ఇజ్జత్ పోయినట్టే!

బరాత్ మండపం ముందు ఆగింది. సత్యప్రసాద్ నడుం దగ్గర్నుంచి తుపాకీ తీశాడు.

"ఏటి బాబూ అది, పిస్తోలా?" అంది రోహిణి నాయనమ్మ జోగమ్మ.

"కాదు మామ్మా, రివాల్వర్. ఇదిగో, గుండ్రంగా తిరిగీది సిలిండర్. తూటాలు ఇందులోనే. పిస్టల్‌కయితే పిడిలోన మేగజీన్ ఉంటాది."

"మేగజీనంటే కథల పుస్తకం కాదేటి?"

ఎంత ఓపిగ్గా చెప్పాడనుకున్నారు! తూటా మొత్తాన్ని బులెట్ అనకూడదట. మొత్తం కార్ట్రిడ్జ్. ఎగిరిపోయే ముక్క మాత్రమే బులెట్. మిగిలిపోయే ఇత్తడి తొడుగు కేస్. గొట్టం మూతి మజిల్. "మజిల్ ఎప్పుడూ మనుషుల మీదకి పెట్టకూడదు" అంటూ దాన్ని మా అందరి మీదకీ తిప్పి మరీ చూపించాడు. ఏ స్కూల్లో ఉందండీ ఇంత ప్రాక్టికల్?

ఆఖరి పాఠం ట్రిగ్గర్. నొక్కాడు. ఆకాశంలోకి ఒకటి! చప్పట్లు, ఈలలు! అప్పుడే రీకాయిల్ అంటే కూడా తెలిసింది. బులెట్ ముందుకెళ్తే తుపాకీ వెనక్కి తన్నుతుంది. పుచ్చుకున్న మందు కూడా తోడైందేమో, చెయ్యి పక్కకి పోయింది. వేలు మళ్లీ నొక్కింది.

ఢోల్ ఆగిపోయింది.

కుమ్హారి నుంచి వచ్చిన ఢోల్ కుర్రాడు మనోజ్‌కుమార్ కుడి భుజం పట్టుకుని కూలబడ్డాడు. "భయ్యా, ఏదో తగిలింది" అన్నాడంతే. ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఆ చెయ్యి మళ్లీ పైకి లేస్తుందో లేదో మాత్రం చెప్పలేమన్నారు.

పోలీసులొచ్చారు. అప్పుడు చూడాలి మావాళ్ల పాండిత్యం! "పిస్టల్ కాదు సార్, రివాల్వర్." "కేస్ సిలిండర్లోనే ఉంటుంది సార్." అడక్కుండానే చెప్పారు. మరి పేల్చిందెవరయ్యా అని ఇన్‌స్పెక్టర్ అడిగితే, మండపమంతా మౌనవ్రతం! ఆ సమయానికి కొందరు లైట్లు చూస్తున్నారట. కొందరు చెప్పులు వెతుక్కుంటున్నారట. నేనైతే పెరుగువడ తింటున్నాను.

రోహిణి పీటల మీంచి లేచింది. నుదుటి మీద బాసికంతోనే వచ్చి నిలబడింది.

"పేల్చింది సత్యప్రసాద్ గారు. మండపంలోంచి నేను చూశాను" అంది, ఇన్‌స్పెక్టర్‌కి అర్థమయ్యేలా శుభ్రమైన హిందీలో.

నరసింగరావు కంగారుపడ్డాడు. "ఊరుకో తల్లీ! పెళ్లి ఆగిపోద్ది!"

"ఆగితే ఆగనీ నాన్నా. ఆ ఢోల్ అబ్బాయి చెయ్యి ఆగిపోతే ఎలా బతుకుతాడు?"

అందరి కళ్లూ వెంకట్ మీదకి తిరిగాయి. అతను వచ్చి రోహిణి పక్కన నిలబడ్డాడు. "నేనూ చూశాను సార్. మా మావయ్యే."

ముహూర్తం దాటిపోయింది. బాజాల్లేకుండానే తాళి కట్టాడు.

సత్యప్రసాద్ బెయిల్ మీద వచ్చేశాడు. మొన్న ఆదివారం రెండు వైపుల పెద్దలం కూర్చున్నాం. మనోజ్‌కుమార్ వైద్యం గురించా? కాదు. తుపాకుల గురించా? ఛ ఛ! కొత్త కోడలికి అంత నోరెక్కడిదని!

నడిమి కుర్చీలో సత్యప్రసాద్. టీ కప్పు కింద పెట్టి, బరువుగా నిట్టూర్చాడు.

"ఇలాంటి పిల్లని ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదమండీ!"

పెద్దమనుషులం కదా, అందరం తలలూపాం.