తెగ నచ్చేసిన కోళ్లు

ఆ రోజు పొద్దున్న పళ్ళ డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇద్దరు పేషెంట్లని చూసి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, వంటింటి గోడకి తెల్లటి టైల్స్ అతుకుతుంటే కళ్ళారా చూడాలి. పసుపుపచ్చవీ, నల్లవీ, పుచ్చినవీ పళ్ళు చూడ్డంతోనే ఆవిడ బతుకు గడిచిపోతోంది. ఇంట్లో ఒక్క గోడైనా మచ్చలేకుండా ఉంటే, దాని ముందు నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకుందామని ఆశ. ఆ గోడ కోసం భర్తని ఏడాదిగా పోరుతోంది. ఆయన టైల్స్ షోరూం మేనేజరు. ఊళ్ళో గోడలన్నీ అయ్యాక గానీ ఇంటి గోడకి వంతు రాలేదు.

"ఆమ్లెట్ ఎలా ఉంది?" అని అడిగింది, గడియారం చూసుకుంటూ.

"పర్లేదు," అన్నాడాయన, ప్లేటులోంచి తలెత్తకుండా.

పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నోట అంతకుమించిన పొగడ్త రాలేదు. అప్పటికే డాక్టరమ్మకి చిరాకు మొదలైంది. ఆయన పట్టించుకోలేదు. ఎదురుగా ఆయన చెల్లెలు కూర్చుని స్పానిష్ నేర్పుతోంది. ఆవిడ ఆ భాష టీచరు. షోరూంకి ఆ రోజు స్పానిష్ టైల్స్ కంపెనీ తాలూకు పెద్దమనిషి వస్తున్నాడు, ఏజెన్సీ ఇచ్చేదీ లేనిదీ తేలుస్తాడు.

"అన్నయ్యా, నీ బుర్రకి ఒక్క క్రియ చాలు. 'మె గుస్తా' అంటే నాకు నచ్చింది అని. 'మె ఎన్‌కాంతా' అంటే తెగ నచ్చేసింది, మనసు పారేసుకున్నాను అని."

"బలమైనదే ఇవ్వు. మర్యాద దగ్గర పిసినారితనం దేనికి?"

నా ఆమ్లెట్ దగ్గర మాత్రం దేనికో, అనుకుంటూ డాక్టరమ్మ తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది.

రెండో పేషెంటు నోట్లో దూది కుక్కి, మత్తెక్కేలోపు మేస్త్రీకి ఫోన్ చేసింది. "మొదలెట్టావా?"

"సగం గోడ అయిపోయిందమ్మా. కోళ్లు భలే కుదిరాయి."

"కోళ్ళేంటి?"

"అదేనమ్మా, సారు పంపిన కోళ్లు. తెల్లవి వ్యాన్‌లో ఎక్కించి తీసుకుపోయారు."

ఆ పన్ను ఎంత వేగంగా ఊడొచ్చిందంటే, పేషెంటు ఇంకా మొదలెట్టలేదనుకుని నోరు తెరుచుకునే ఉన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే గోడంతా నారింజ రంగు. దానిమీద బారులు తీరిన కోడిపుంజులు. ఒక్కోదానికి ఎర్రటి జుట్టు, మిడిగుడ్లు, అన్నిటికన్నా ఘోరంగా పళ్ళు! కోళ్ళకి పళ్ళు! అవి కూడా వంకరపళ్ళు. డాక్టరమ్మ ఒళ్ళు భగ్గుమంది. పళ్ళు కొరక్కూడదని రోజూ పదిమందికి చెప్పే మనిషి, పటపటా కొరుకుతూ భర్తకి ఫోన్ చేసింది.

"నా గోడ ఏం చేశారు?"

"కాస్త మెల్లగా," అని గుసగుసలాడాడాయన. "ఆయన శాంపిల్ చూపించాడు. మర్యాదకి మె ఎన్‌కాంతా అన్నాను. కౌగిలించేసుకున్నాడు. మన వంటింటి పని జరుగుతోందని, మాటలు తర్జుమా చెయ్యడానికొచ్చిన చెల్లెలు నోరు జారింది. అయితే వెంట తెచ్చిన పెట్టెలన్నీ నా బహుమతి అన్నాడు. మళ్ళీ మె ఎన్‌కాంతా అన్నాను."

"వద్దనలేకపోయారా?"

"వద్దనడం నేర్చుకోలేదే!"

"నా తెల్లవో?"

"ఇంకెవరో అడిగితే ఇచ్చేశాను. చూడూ, సాయంత్రం ఆయన గోడ చూడ్డానికి వస్తున్నాడు. నువ్వూ ఆ ఒక్క మాటా అనేశావనుకో, ఏజెన్సీ మనదే. ఇంకో సంగతి... నేలకి కూడా పంపుతున్నాడు."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది. కోపం కన్నా బాధే పెద్దదైంది. ఇన్నేళ్ళ సంసారంలో తనకి దక్కని మాట, పళ్ళున్న కోడికి ఒక్క పూటలో రెండుసార్లు దక్కింది.

సాయంత్రం భర్త, ఆడపడుచు, స్పెయిన్ అతిథి ముగ్గురూ దిగారు. అతిథి గోడ ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ఏదో అన్నాడు.

"పడగ్గదికి కూడా ఇస్తారట, అన్నయ్యా," అంది ఆడపడుచు నీరసంగా.

"మె ఎన్..." అని మొదలెట్టాడు భర్త.

"ఆపండి!" డాక్టరమ్మ కేకకి మేస్త్రీ తాపీ జారవిడిచాడు. "నాకు నచ్చలేదు! ఒక్క ఈక కూడా నచ్చలేదు! రోజంతా పుచ్చుపళ్ళు చూసి ఇంటికొస్తే, గోడ మీద కూడా వంకరపళ్ళేనా? ఈయనకీ నచ్చలేదు. ఈయనకి నచ్చితే పర్లేదంటాడు! ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పు ఆయనకి."

"వదినా, కాస్త తీపి కలిపి..."

"ఒక్క అక్షరం తగ్గించావంటే చూడు!"

ఆడపడుచు మాటకి మాట స్పానిష్‌లో చెప్పింది. అతిథి బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని భర్త మంచినీళ్ళకి పరిగెత్తాడు. తీరా చూస్తే, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతున్నాడు.

"ఆయనకీ నచ్చదట వదినా," అంది ఆడపడుచు, నమ్మలేనట్టు. "వాళ్ళ ఓనరుగారి మామగారు గీశాడట ఆ కోడిని. ఎక్కడా ఒక్క పెట్టె అమ్ముడుపోలేదట. అందరూ బాగుందంటారట, కొనరట. ఇన్నాళ్ళకి నిజాయితీగా చెప్పిన మనిషి మీరేనంటున్నారు. రేపే మీకు తెల్లవి పంపిస్తారట. ఏజెన్సీ కూడా ఖాయమట."

భర్త మొహం విప్పారింది. "మె ఎన్‌కాంతా!"

"అన్నయ్యా, పూర్తిగా విను. నువ్వు రెండోసారి ఆ మాటన్నాక ఆయన ఫ్యాక్టరీకి కబురు పెట్టేశారట. కోడిని గీసిన ముసలాయన ఆనందం పట్టలేక ఏడ్చేశాడట. గోడౌన్‌లో ఉన్న కోళ్ళన్నీ నీకే పంపుతున్నాడు. నీ ఆఫీసుగది నాలుగు గోడలకీ అతికించాక, స్వయంగా చూడ్డానికి వస్తాడట."

అన్నంత పనీ జరిగింది. ఇప్పుడు ఆయన పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మిడిగుడ్ల మధ్యే కూర్చుంటున్నాడు. డాక్టరమ్మ వంటిల్లు మాత్రం పాలలా మెరుస్తోంది.

మొన్న పొద్దున్న ఆ తెల్లగోడ ముందు ఆమ్లెట్ వడ్డించి, "ఎలా ఉంది?" అని అడిగింది.

ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆలోచించి, "మె ఎన్‌కాంతా," అన్నాడు.

డాక్టరమ్మ ఉప్పుడబ్బా అందించింది.