చొక్కా చిరగని దెబ్బ

సైబర్ బుల్లీయింగ్ అంత చల్లని దేవత ఈ కలికాలంలో ఇంకొకటి లేదు! ఫోన్లలో, గ్రూపుల్లో పిల్లల్ని పిల్లలే ఏడిపించుకు తినడాన్ని ఈ మధ్య అలా పిలుస్తున్నారు లెండి. కోప్పడకండి, నేను ఊరికే అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆబిడ్స్‌లో స్కూలు యూనిఫారాల దుకాణం నడుపుతున్నవాణ్ని. పిల్లల కష్టసుఖాలు నాకు కొలతలతో సహా తెలుసు.

వెనకటి రోజులు గుర్తు తెచ్చుకోండి. బడి తెరిచిన రెండో నెలకే తల్లులు చిరిగిన చొక్కాలు పట్టుకుని నా దుకాణానికి వచ్చేవారు. కాలరు పట్టి గుంజితే ఒక రకం చిరుగు, జేబు పట్టి లాగితే ఇంకో రకం. చిరుగు చూసి కొట్టినవాడి ఎత్తు చెప్పేవాణ్ని. ఆ చొక్కాతోనే తల్లి బడి గేటు దగ్గరికి వెళ్లి, అవతలి తల్లితో జుట్టూ జుట్టూ పట్టుకునేది. ఎంత రభస!

ఇప్పుడో? ఏడిపించేవాడు చాదర్‌ఘాట్‌లో మంచం మీద వెల్లకిలా పడుకుని ఏడిపిస్తాడు. ఏడ్చే పిల్ల నాంపల్లిలో మూడో అంతస్తులో ఏడుస్తుంది. మధ్యలో ట్రాఫిక్ లేదు. ఒక్క గుండీ ఊడదు. ఆదివారం సెలవు లేదు, దసరాకు సెలవు లేదు, బంద్ రోజు కూడా సర్వీసు ఆగదు. ఇంత పట్టుదలగా పనిచేసే శాఖ మన రాష్ట్రంలో ఇంకేదైనా ఉందా?

అసలు లాభం వేరే ఉంది. పిల్లలకు బుద్ధి వస్తుంది. మా అమ్మాయి ప్రణవినే తీసుకోండి, తొమ్మిదో తరగతి. మొన్నమొన్నటిదాకా రోజంతా ఫోనే. ఇప్పుడు ఫోను మోగితే ఉలిక్కిపడి బోర్లా పెట్టేస్తుంది. స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లనంది. కొత్త డ్రెస్సు వద్దంది. ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ ఇంటికి నాలుగడుగుల దూరం, రమ్మని పిలిచినా రానంది. అన్నం దగ్గర సగంలో లేస్తుంది. ఎదురు మాట్లాడదు. ఏ మొక్కూ మొక్కకుండా ఇంత వినయం ఎవరింటికి వచ్చింది, చెప్పండి?

మా ఆవిడ అనసూయకు మాత్రం అనుమానం. "పిల్ల గిట్ల గమ్మునుంటే నాకు మంచిగనిపిస్తలేదు," అంది.

"మంచిగుంటే గూడ నీకు ఫికరేనా?" అన్నాను.

ఈ బుద్ధి దానంతటదే రాలేదు, వెనక నా క్రమశిక్షణ ఉంది. ఒకరోజు పిల్ల నా దగ్గరికి వచ్చి, "నాన్నా, క్లాస్ గ్రూపుల నన్ను ఏదేదో అంటున్నరు," అని మొదలుపెట్టింది. రెండో మాట రానిచ్చానా? ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. "నువ్వేం జెయ్యకుంటే వాళ్లెందుకంటరు?" అని పైనుంచి ఒక ప్రశ్న కూడా వేశాను. వారం తర్వాత ఫోను తిరిగిచ్చాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు లేదు. చూశారా వైద్యం!

మా పక్క ఫ్లాటు యేసుదానం గారిని చూస్తేనే జాలేస్తుంది. ఆయన లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. కూతురు జెర్లిన్ మా ప్రణవి క్లాసే. నెల రోజులుగా ఆయన ఇంట్లో కూర్చుని ఫైలు కడుతున్నారు. ఏం ఫైలు? గ్రూపుల్లో పిల్లలు రాసిన రోత మాటల స్క్రీన్‌షాట్ల ఫైలు. పాపం, జెర్లిన్‌ను ఎవరో ఏడిపిస్తున్నారు కాబోలు. ప్రతిదానికీ తేదీ, టైము, నంబరు. మూడు సెట్లు జిరాక్సు. పైగా ఆఫీసు ఫైలులా దారం ట్యాగు.

"తిరిగి తిట్టొద్దు, అన్నా. ఏదీ డిలీట్ చెయ్యొద్దు. ముందుగాల కాగితం మీదికి ఎక్కియ్యాలె, ఆనక బ్లాక్ చెయ్యాలె," అని లిఫ్టు దగ్గర నాకు పాఠం చెప్పారు. అంతకంటే ఘోరం, పిల్ల పక్కన గంటసేపు కూర్చుని వింటారట. సలహా ఇవ్వకుండా, ఫోను లాక్కోకుండా! తండ్రన్నవాడు గంటసేపు నోరు మూసుకుని కూర్చుంటే ఇంటి మర్యాద ఏం కాను?

సరిగ్గా ఇక్కడిదాకా రాశాను, తలుపు చప్పుడైంది. యేసుదానం గారు. చంకలో ఆ ఫైలు.

"అన్నా, జర కూసోని చదువున్రి," అన్నారు.

మొదటి కాగితం తిప్పాను. అందులో ఉన్నది జెర్లిన్ కాదు, మా ప్రణవి. పోయినేడు నుమాయిష్‌లో మిర్చి బజ్జీ కారానికి ముక్కూ కళ్లూ కారుతుంటే నేనే తీసిన ఫొటో. నవ్వొచ్చిందని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. నా స్టేటస్ చూసేదెవరు? నా దగ్గర యూనిఫారాలు కొనే తల్లిదండ్రులు, వాళ్ల ఫోన్లు పట్టుకుని తిరిగే పిల్లలు. ఫొటో కింద ఎవరెవరో రాసిన మాటలు ఇక్కడ రాయలేను. రెండో కాగితమూ అదే ఫొటో. మొత్తం నలభై ఒక్క కాగితాలు. నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది.

"మా పిల్ల మీకు చెప్పిందా?" అన్నాను.

"ఔ అన్నా. జెర్లిన్ తోలుకొచ్చింది. నాన్నకు చెప్పొద్దన్నది. నెల దినాలు బతిమిలాడితే ఇయ్యాల ఒప్పుకున్నది. రేపు స్కూల్ల ఇయ్యాలె. అంతా తయారున్నది, గీడ తండ్రి సంతకం ఒక్కటే కావాలె."

ఫైలు చివర ఉన్న ఫిర్యాదు దరఖాస్తు కింద చోటు ఖాళీగా ఉంది. నేను పెన్ను తీశాను.

"'నాన్న సంతకం లేకుంటే నడవదా అంకుల్' అని మీ పిల్ల అడిగిందన్నా," అన్నారు ఆయన, నా ముఖం వైపు చూడకుండా.

సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్లుగా రోజూ పెట్టే సంతకమే, ఎందుకో వంకరగా వచ్చింది.

పాఠకులారా, పైన రాసిన దాంట్లో నేను ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యడం లేదు. మీ ఇంట్లో పిల్లలు కూడా ఈ మధ్య ఉన్నట్టుండి బుద్ధిమంతులైపోయి ఉంటే, హాయిగా సంతోషించండి. సంతోషించాక పక్కింటి తలుపు కొట్టి, మీ పిల్లకు ఏమైందో వాళ్లకేమైనా తెలుసేమో కనుక్కోండి.