కారం మరలో పట్టిన పంచదార

గ్రేసమ్మ ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. నరసరావుపేట నుంచి గుల్జార్ బేగం వచ్చేలోపు తేనెపెట్టెల్లో పంచదార పొడి చల్లాలి. బేగం యునానీ మందుల దుకాణం నడుపుతుంది. పురుగుమందు తగలని తేనె అయితే ఏడాది పొడుగునా తానే కొంటానంది. మందు జాడ కనిపిస్తే మాత్రం మళ్లీ మొహం చూడనంది. గురజాల చుట్టుపక్కల తేనెకు అంతకంటే నికరమైన బేరం లేదు. అది తప్పితే పెట్టెలు అమ్ముకుని పత్తి ఏరే కూలికి పోవలసిందే.

చిక్కల్లా నల్లులతో వచ్చింది. ఎర్రగా, ఆవగింజలో సగం ఉంటాయి. తేనెటీగల ఒంటికి కరుచుకుని సత్తువ పీల్చేస్తాయి. పురుగుమందుల కొట్టు హనుమంతరావు కనిపించినప్పుడల్లా అదే పాట.

"పెట్టెకో మందుపట్టీ ఏలాడదియ్యమ్మాయ్. నల్లి అనేది మిగల్దు."

"మైనంలోకి దిగిన మందు ఎవరు పీకాలన్నా? నువ్వొచ్చి నాకుతావా?"

"పంచదారతో పురుగు పోయేటట్టయితే కంపెనీలోళ్లంతా పిచ్చోళ్లా?"

"కంపెనీలోళ్లు కాదన్నా, కొనేవాళ్లు."

గ్రేసమ్మ లెక్క గ్రేసమ్మకు ఉంది. పొడి మీద పడితే ఈగలు ఒళ్లు దులుపుకుంటాయి. నల్లులు పట్టు జారి, అడుగున ఉన్న జాలీలోంచి నూనె రాసిన అట్ట మీద రాలతాయి. అమ్మే తేనె ముందే తీసి డబ్బాల్లో బిగించింది కాబట్టి అందులో పంచదార కలిసే భయం లేదు.

తీరా చూస్తే కరెంటు లేదు, మిక్సీ తిరగలేదు. కొట్లో దొరికే పొడిలో గంజిపిండి కలుస్తుంది, అది ఈగలకు పడదు. అందుకని భర్త జీవరత్నానికి పంచదార సంచి ఇచ్చి డీజిలు మరకు తోలింది.

అక్కడ పిండిమర ముందు పెద్ద వరుస. పక్కన కారం మర ఖాళీ. కారం ఆడిన మరలో మరొకటి పట్టాలంటే ముందు గుప్పెడు నూకలు పోసి తిప్పడం రివాజు. ఆ నూకలు ఎవరు పెట్టుకోవాలో తేలక జీవరత్నం ఆ మెట్టు దాటేశాడు. పొడి కాస్త గులాబీ రంగులో వచ్చింది. మర వేడికి పంచదార అలాగే అవుతుందని తనకు తానే చెప్పుకున్నాడు.

గ్రేసమ్మ మొహానికి వల, ముక్కుకు గుడ్డ కట్టుకుంది. రంగూ తెలియలేదు, ఘాటూ తెలియలేదు. మొదటి పెట్టె మూత తీసి జల్లెడ ఆడించింది. పెట్టె బుస్సుమంది. ఈగలు దండెత్తినట్టు పైకి లేచాయి. గ్రేసమ్మ వెనక్కి గెంతేసరికి జల్లెడ ఎగిరి, తమాషా చూడ్డానికి వచ్చిన హనుమంతరావు మీద బోర్లా పడింది. ఈగలు ఆయన్ను ఎంచుకున్నాయి. సరిగ్గా అప్పుడే వచ్చి ఆగిన ఆటోలోకి హనుమంతరావు దూకాడు. అందులో ఉన్నది బేగం.

"అరె, ఎవరయ్యా నువ్వు? దిగు!"

"దిగితే చస్తానమ్మా!"

ఆయన చొక్కా దులిపాడు. ఆటో నిండా పొడి లేచింది. బేగం పొలమారి దగ్గింది. "యా అల్లా! ఏమిటిది, గొంతు మండిపోతోంది!"

ముక్కు వాస్తున్నా హనుమంతరావు అవకాశం వదులుకోలేదు. "మందమ్మా! పొడి మందు! వాసన బట్టే చెప్తా, నా సర్వీసంతా ఇందులోనే. పైకి పంచదారంటది, లోపల కొట్టేది ఇదీ!"

బేగం మొహం మాడిపోయింది. "నిన్ను నమ్మి ఇంత దూరం వచ్చాను గ్రేసమ్మా. ఆటో తిప్పు బాబూ."

గ్రేసమ్మ వల పీకి అవతల పారేసింది. "ఆగండి బేగంగారూ! నేను మందు కొట్టేదాన్నయితే ఇది తింటానా? చూడండి!" గుప్పెడు పొడి నోట్లో పోసుకుంది.

ముందు తీపి తగిలింది. ఆ వెనకే మిరపకాయల యార్డు మొత్తం నాలుక మీదికొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి, మాట పెగల్లేదు. గొంతు పట్టుకుని కూలబడింది.

ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన జీవరత్నం చెవిన పడింది మందు అన్న ఒక్క మాటే. "ఓరి దేవుడో! మా ఆడది మందు మింగిందిరో!" అని వీధి అదిరేలా అరిచాడు. జనం పోగయ్యారు.

"ఏ కొట్టు మందంట?"

"ఊళ్లో ఇంకే కొట్టుంది? హనుమంతరావుదే. మందని ఆయన నోటితోనే చెప్పె గదా, ఇప్పుడు నేను విన్లా?"

"పోలీసులకి ఫోన్ కొట్టండ్రా!"

కేసు, లైసెన్సు, కొట్టుకు తాళం. ఈ మూడింటి పక్కన ఈగల కాట్లు హనుమంతరావుకు చవకగా తోచాయి. ఆటోలోంచి బయటికి దూకాడు.

"మందు కాదయ్యా! నా కొట్టుది అసలే కాదు! పంచదార!"

"ఇందాక మందంటివి?"

"నా నోరు పడిపోను! ఇదుగో, చూడండి!" పొడి డబ్బాలో చెయ్యి పెట్టి తనూ గుప్పెడు బుక్కాడు. కళ్ల నీళ్లు కారుతున్నా ఆపలేదు. "పంచదార! కారం! ఇంతే! ఇందులో వీసమెత్తు మందుంటే నా లైసెన్సు చింపెయ్యండి!"

"కారమంటే..." జీవరత్నం నసిగాడు. "మరి, కారం మర ఖాళీగా ఉంటేనూ..."

గ్రేసమ్మ మంచినీళ్లు తాగుతూనే మొగుడి వైపు చూసిన చూపుకు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

బేగం ఆటో దిగింది. పెట్టె సర్దుమణిగాక అడుగున ఉన్న అట్ట లాగి చూసింది. నూనెలో ఎర్ర నల్లులు కాళ్లు కొట్టుకుంటున్నాయి. తేనె డబ్బాలు ఆటోలో పెట్టించమంది.

"పరీక్ష చేయించుకోరా?" అంది గ్రేసమ్మ, బొంగురు గొంతుతో.

"పురుగుమందులు అమ్మేవాడే తిని ప్రమాణం చేశాక ఇంకేం పరీక్షమ్మా?"

గ్రేసమ్మ హనుమంతరావు వైపు తిరిగింది. "కరెంటొచ్చాక మిగతా పెట్టెలకీ చల్లుతానన్నా, ఉత్త పంచదార. నీ పట్టీ మాత్రం నా పెట్టెలో ఏలాడదు, రాసిపెట్టుకో."

మర్నాడు ఇద్దరు రైతులు హనుమంతరావు కొట్టుకు వచ్చి, నల్లికి కొట్టే కారం పంచదార ఉందా అని అడిగారు. ఆయన వాచిన ముక్కు తడుముకుని, స్టాకు సోమవారం దిగుతుందన్నాడు.