వంకలు పెట్టి కొన్న ఇల్లు

ఆ ఆదివారం పొద్దున్నే హేమావతి అనుకున్న పని ఒక్కటే. పెనిమిటి ఓబయ్యనూ, చిన్నాయన జయరామప్పనూ వెంటబెట్టుకుని, హోసూరులో అమ్మకానికి వచ్చిన ఇల్లు చూసి, ఎండ ముదరకముందే తిరిగొచ్చి సంగటి కెలకాలి.

పెళ్లయినప్పటినుంచీ అద్దె ఇళ్లే. ఇప్పుడున్న ఇంటి ఓనరమ్మ గోడకు మేకు కొట్టనివ్వదు. అందుకని వాళ్ల క్యాలెండరు కుర్చీలో కూర్చుంటుంది, వచ్చిన చుట్టాలు నిలబడతారు. తనదంటూ ఒక ఇల్లు ఇప్పించమని హేమావతి మొక్కని దేవుడు లేడు.

చిన్నాయన కెలమంగలం నుంచి మొదటి బస్సుకే దిగాడు. పరసలో, అంటే పశువుల సంతలో, ఎద్దుల బేరానికి ఆయన దిట్ట. ఇల్లు కొనడం మాత్రం ఆయనకూ కొత్తే. అయితే బేరం దేనిదైనా బేరమేనని ఆయన నమ్మకం.

"ఇదో చూడమ్మా హేమా! పరసలో ఎద్దును కొనేటప్పుడు బాగుండాదని అంటామా? అనం. కాలు కుంటి అంటాం, కొమ్ము వంకర అంటాం. మనకు ఏది బాగా నచ్చితే దానికే పెద్ద వంక పెట్టాల. అప్పుడే అమ్మేవాడు దిగొస్తాడు. నోరుజారి బాగుందన్నావో, బేరం పోయినట్టే."

"సరే చిన్నాయనా."

"ఆ నగుమొగం ఏంది? ఆముదం తాగినట్టు పెట్టు."

హేమావతి ఆముదం తాగినట్టు పెట్టింది.

"ఇది నేను దినామూ చూసేదే," అన్నాడు ఓబయ్య.

ఇల్లు అమ్మే ఆయన పేరు ఉపేంద్ర. గుంటూరు వైపు మనిషి. ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ ఇల్లు కొనుక్కున్నాడు, ఇప్పుడు పుణెకు బదిలీ అయింది. ఫ్యాక్టరీలో ఆయన పని సరుకు కొన్నవాళ్ల కంప్లయింట్లు వినడం, వెంటనే సరిచేయించడం. కొనేవాళ్లు ఏమన్నా ఎదురుచెప్పకూడదని ఆయనకు నేర్పించారు. పరస అంటే ఏమిటో ఆయనకు తెలియదు.

లోపల అడుగుపెట్టగానే హేమావతి మనసు పారేసుకుంది. వంటింటి కిటికీలోంచి పొద్దుటెండ పొయ్యి మీదికే పడుతోంది. పెరట్లో జామచెట్టు కాయలతో వంగి ఉంది. వీధివైపు నున్నటి తిన్నె, నలుగురు కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకోవచ్చు. ఆమె పెదవులు విచ్చుకునేలోపే చిన్నాయన దగ్గాడు.

"ఈ కిటికీ ఏందప్పా," అంది హేమావతి ముక్కు చిట్లించి, "కండ్లలో ఎండ పొడస్తా ఉండాది. ఈడ నిలబడి వంట చేసేదెట్ల?"

"నిజమేనండీ," అన్నాడు ఉపేంద్ర.

"ఆ జామచెట్టు ఒకటి. ఊర్లో కోతులన్నీ ఈడికే వస్తాయి."

"అవునండీ, నేను గమనించలేదు."

జయరామప్ప గోడను ఎద్దు మూపురం నిమిరినట్టు నిమిరాడు. పళ్లు చూసినట్టు తలుపు గడియలు లాగి చూశాడు. పెదవి విరిచి, "వచ్చే వారం చూస్తాం," అని బయటికి నడిచాడు. వీధి మలుపు తిరగగానే ఆయన మొగం వెలిగిపోయింది. "చూసినావా? ఒక్కదానికీ ఎదురుచెప్పలేదు. మెత్తబడినాడు!"

మరుసటి ఆదివారం పోయి చూస్తే వంటిల్లు చీకటిగా ఉంది. కిటికీ ఉండాల్సిన చోట ఇటుకలున్నాయి.

"మీ కంప్లయింటు సరిచేయించేశాను మేడం," అన్నాడు ఉపేంద్ర సంతోషంగా. "పెరడు కూడా చూడండి."

పెరట్లో జామచెట్టుకు బదులు మోకాలెత్తు మొద్దు ఉంది. హేమావతి దాని ముందు కూలబడి బోరున ఏడ్చింది.

జయరామప్ప ఆమె చెవిలో, "భలే తల్లీ! ఇన్నేండ్లు బేరాలు చేసినాను, ఏడవాలని నాకు తోచనే లేదు," అన్నాడు.

ఉపేంద్ర కంగారుపడ్డాడు. "ఏడవకండి మేడం, మొద్దు కూడా పీకించేస్తాను!"

బేరం ఇంత వేడి మీదున్నప్పుడు వదలకూడదని జయరామప్ప పోతూపోతూ తిన్నె మీద చేయి వేశాడు. "ఇదొకటి దండగ. వీధిలో సోమరిపోతులంతా ఈడే చేరతారు."

"చిన్నాయనా, ఆ మనిషి ఏదంటే అది తీసేస్తా ఉండాడు," అంది హేమావతి దారిలో.

"తీయనీమ్మా. దిగొస్తా ఉండాడు."

"దిగేది ఆయన కాదు చిన్నాయనా, ఇల్లు!"

బేరం తెగేదాకా ఊరికి పోనని జయరామప్ప వాళ్లింట్లోనే ఉండిపోయాడు. రెండు రోజులకు ఓబయ్య పని మధ్యలోనే మోపెడ్ మీద ఇంటికి వచ్చిపడ్డాడు.

"హేమా! ఆ ఇంటి ముందర కూలోళ్లు గడ్డపారలు పట్టుకొని నిలబడుకోని ఉండారు!"

హేమావతి సంగటి చేయి కడుక్కోలేదు. అట్లాగే మోపెడ్ వెనక ఎక్కింది. ఆమె వెనక జయరామప్ప కూడా ఎక్కాడు. ముగ్గురినీ మోస్తూ ఆ బండి ఏడ్చుకుంటూ పోయి ఆ ఇంటి ముందు ఆగేసరికి మొదటి గడ్డపార పైకి లేచింది.

"ఆపండప్పా!" హేమావతి తిన్నె మీద అడ్డంగా పడుకుంది. "దీన్ని ముట్టుకోవద్దండి! ఇంత మంచి తిన్నె హోసూరులో యాడా లేదు!"

"నోరు మూసుకోమ్మా!" అని జయరామప్ప మొత్తుకున్నాడు.

"మూసుకోను! కిటికీ నచ్చింది! చెట్టు నచ్చింది! ఇల్లంతా నచ్చింది!"

"పోయింది. బేరం పోయింది," అంటూ జయరామప్ప తలపాగా తీసి మొగానికి కప్పుకున్నాడు.

ఉపేంద్రకు ఏమీ అర్థం కాలేదు. "మరి అన్ని కంప్లయింట్లు చెప్పారు కదండీ?"

"నచ్చినందుకే కదప్పా వంక పెట్టినాను!"

ఉపేంద్ర గడ్డపారలు దించమని కూలీలకు సైగ చేశాడు. ఫ్యాక్టరీలో ఇట్లాంటి కంప్లయింటు ఎప్పుడూ వచ్చి ఉండదు. "మీరు ఇంత నిజం చెప్పారు కాబట్టి నేనూ చెప్పాలి. వానొస్తే హాలంతా కారుతుందండీ. కొళాయి నీళ్లు వారానికి ఒకసారే. మీరు వాటి దాకా వస్తారని వచ్చినప్పుడల్లా ఎదురుచూశాను. మీరేమో కిటికీ, చెట్టు, తిన్నె అన్నారు."

ముగ్గురూ లోపలికి పోయి మొదటిసారి తలెత్తి చూశారు. పైకప్పు మీద చెమ్మ మరకలు ఇంత ఇంత వెడల్పున ఉన్నాయి.

"ఇన్ని తూర్లు వచ్చి పైకి చూడలేదే మామా!" అన్నాడు ఓబయ్య.

"ఎద్దుకు పైకప్పు యాడుంటాదప్పా?" అన్నాడు జయరామప్ప.

దాచిపెట్టినందుకు సిగ్గుపడి ఉపేంద్ర తనంతట తానే ధర తగ్గించాడు. జయరామప్ప అడగాలనుకుని, మరీ అన్యాయమవుతుందని మింగేసిన ధర కంటే అది తక్కువ.

జయరామప్ప తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. "చూసినారా నా బేరం!"

"కారే ఇల్లు మనకెందుకే?" అన్నాడు ఓబయ్య మెల్లగా.

"కారితే కారనీ. కప్పు బాగుచేసుకోవచ్చు," అని హేమావతి ఉపేంద్ర వైపు తిరిగింది. "కూలోళ్లు ఎట్లాగూ వచ్చినారు, ఆ కిటికీ ఇటుకలు తీయించప్పా."

"తప్పకుండా మేడం. పైకప్పు కూడా నేనే చూస్తాను."

"నీకు దండం పెడతా, దాన్ని మాకొదిలెయ్యి. నువ్వు చూస్తే అదీ ఉండదు!"

రిజిస్ట్రేషను అయింది, పాలు పొంగించారు. కప్పు పనికి మేస్త్రీ ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ ఉండగానే ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. అద్దె ఇళ్లలో అన్నేళ్లున్నా ఏనాడూ తడవని హేమావతి, సొంత ఇంట్లో హాయిగా తడిసింది.