ఇంట్లో వదిలిన కుడిచెయ్యి

మంగళవారం పార్సిల్ వస్తుందని మెసేజ్ రావడంతో హైమావతి తన కుడిచేతిని ఇంట్లో వదిలి ఆఫీసుకు వెళ్లింది. విజయవాడలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు చాలామంది చేసే పనే ఇది. ఎదురింటివాళ్లయితే చెవులు రెండూ కాలింగ్ బెల్ పక్కన మేకుకు తగిలించి పోతారు. హైమావతి చేతిని గొళ్లెం అందేలా ఎత్తు స్టూలు మీద పెట్టి, చీమలు పట్టకుండా చుట్టూ చీమలమందు సుద్దతో గీత గీసింది.

ఆ పార్సిల్‌లో ఉన్నవి ఆమె కూతురు జోషిత కళ్లద్దాలు. పాతవి బడిలో పగిలాయి. అప్పటినుంచి ఆ పిల్ల బోర్డు మీద ఏముందో పక్కపిల్లను అడిగి రాసుకుంటోంది. మూడుసార్లు వచ్చినా ఇవ్వడం కుదరకపోతే పార్సిల్ వెనక్కి పోతుంది. హైమావతికి అదే బెంగ.

కొరియర్ దావీదు వచ్చి బెల్ కొట్టాడు. చెయ్యి తలుపు తీసింది.

“ఓటీపీ చెప్పండమ్మా.”

చెయ్యి ఏం చెబుతుంది పాపం? ఓటీపీ ఫోన్‌కు వచ్చింది, ఫోన్ ఆఫీసులో ఉంది. దావీదు ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని నొక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె మర్నాటికి సెలవు అడిగింది. సూపరింటెండెంట్ కోటిలింగం గారు చెడ్డవాడేమీ కాదు. “తప్పకుండా తీసుకోమ్మా. సెలవు చీటీ మటుకు కుడిచేత్తో రాయాలి. రేపు చెయ్యి తెచ్చుకుని రాసిచ్చేసెయ్” అన్నాడు. రేపు ఆ చేతికి ఇంట్లో పనుంది. ఇక సెలవు ఎక్కడిది?

బుధవారం చేతికి తోడుగా నోటినీ సాసర్‌లో పెట్టి, ఫోన్ కూడా వదిలి వెళ్లింది. దావీదు వచ్చాడు. చెయ్యి తలుపు తీసి ఫోన్ చూపించింది.

“నేను చూడకూడదమ్మా, రూలు. కస్టమరే చూసి చెప్పాలి.”

“నా కళ్లు ఆఫీసులో ఉన్నాయి నాయనా. పిల్ల కళ్లద్దాలవి, కాస్త దయచూడు” అంది నోరు.

“నాకూ బాధగానే ఉందమ్మా. రేపు కూడా వెనక్కి పోతే నన్ను కొండపల్లి అవతలి రూటుకి వేసేస్తారు.” మళ్లీ అదే నొక్కి వెళ్లిపోయాడు. సాయంత్రం హైమావతి ఇంటికొచ్చేదాకా నోరు ఏడుస్తూనే ఉంది.

ఆఫీసులో మాత్రం ఆ రోజు కోటిలింగం గారు హైమావతిని తెగ మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లలో ఆమె ఇంత బాగా పనిచేసిన రోజు లేదన్నాడు. నోరు లేదన్న సంగతి ఆయన గమనించలేదు.

గురువారం ఆఖరిసారి. ఇంట్లో ఏం వదలాలా అని రాత్రంతా లెక్కలు వేసిన హైమావతికి, తెల్లవారాక అసలు ప్రశ్న అది కాదని తట్టింది. ఆఫీసుకు నిజంగా ఏం కావాలి? ఎడమ బొటనవేలు ఊడదీసి టిఫిన్ డబ్బాలో పెట్టి, వెనక వీధిలో ఉండే సహోద్యోగి భ్రమరాంబ చేతికిచ్చి పంపింది. హాజరు యంత్రం వేలిముద్ర తీసుకుని థాంక్యూ అంది.

దావీదు బెల్ కొట్టాడు. హైమావతి తలుపు తీసింది, ఫోన్ చూసింది, ఓటీపీ చెప్పింది.

“మొత్తం మీరేనామ్మా?” అన్నాడు నమ్మలేనట్టు.

“బొటనవేలు తప్ప మొత్తం నేనే.”

“హమ్మయ్య, బతికించారు.” అతని మొహం విచ్చుకుంది. ఆమెకైతే మూడు రోజుల బరువు దిగిపోయింది. ఎండలో వచ్చాడు కదా అని గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చింది.

“పొట్ట ఇంట్లో పెట్టొచ్చానమ్మా. మధ్యాహ్నం భోజనానికి ఆగే పని లేకుండా అలా పెట్టి రమ్మని కంపెనీవాళ్లే చెప్పారు. సీసాలో పోసివ్వండి, ఇంటికెళ్లాక తాగుతా.” ఆమె సీసాలో పోసిచ్చింది.

సాయంత్రం జోషిత కొత్త కళ్లద్దాలు పెట్టుకుని గోడమీది క్యాలెండర్‌లో అడుగున ఉన్న సన్న అక్షరాలు కూడా గడగడా చదివేసింది. తర్వాత తల్లివైపు తిరిగింది.

“అమ్మా, నీ వేలేది?”

అప్పుడే భ్రమరాంబ డబ్బా తెచ్చిచ్చింది. “కోటిలింగం గారు నీకు చెప్పమన్నారు. ఈమధ్య నీ పని చాలా బావుందంట. రేపు కూడా ఇలాగే రమ్మన్నారు.”

“అలాగే వస్తానని చెప్పు” అంది హైమావతి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. వేలు పెట్టుకోబోయి, పొద్దున్నే మళ్లీ తియ్యాలి కదా అని డబ్బాలోనే ఉంచి మూత పెట్టేసింది.