రత్నకు గాలి మార్పు

ఆ ఉదయం రత్నా, ఆమె మొగుడు గాసీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కిరండూలు పాసింజరు రైలు, ఆపైన బస్సు ఎక్కి భీమిలి వెళ్లడం, వారం రోజులు సముద్రపు గాలి పీల్చుకుని రావడం. పుష్యమాసం నుంచి రత్నకు ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు, గోడకు చేరగిలబడి కూర్చునే కునుకు తీయాలి. ఒక్క రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోతే చాలు, పాపం ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. ఉప్పుగాలి కొందరికి పడుతుంది, కొందరికి పడదు, వెళ్లి చూడమన్నాడు డాక్టరు.

అరకు సంతలో వాళ్ల కొండచీపుర్లు కొనే వెంకటరావు షావుకారు ఎస్టీడీ బూతు నుంచి భీమిలిలోని అక్క అప్పలనరసమ్మకు ఫోన్ చేసి బస కుదిర్చాడు. ఆవిడ ఇల్లు సముద్రానికి ఎదురుగానే. ఒకరింటికి చేతులూపుకుంటూ వెళ్తామా? గాసి కొత్త చీపుర్ల మోపొకటి భుజానికెత్తుకున్నాడు.

అప్పలనరసమ్మ మురిసిపోయింది. "ఓలమ్మా, సీపుర్లంటే ఇయ్యే!" అంటూ మర్నాడు పొద్దున్నే ఇల్లంతా ఊడ్చింది. మిగిలినవి వీధిలో తలా ఒకటి పంచింది. కొత్త చీపురు కదా, అందరూ అరుగుకేసి కొట్టి నూగు దులిపారు. రత్న గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి.

"గుంటకి సముద్రపు గాలి పడ్డం నేదు! బేగి తలుపులెయ్యండి!" అని అప్పలనరసమ్మ కేకలేసింది. తలుపులు మూసి, లోపల మళ్లీ ఊడ్చింది. ఇంతలో ఎదురింటి కృష్ణమూర్తి మాస్టారికి తుమ్ములు పట్టుకున్నాయి. పక్కింటి పావనికి కళ్లు వాచాయి. సాయంత్రానికల్లా గాలిలో ఏదో విషం ఉందని పుకారు పుట్టింది. వీధంతా కిటికీలు బిగించుకుని, ఎందుకైనా మంచిదని మరోసారి ఊడ్చుకుంది.

రత్నకు ఓపిక నశించింది. "సత్తే గాలిలోనే సత్తాను!" అని తలుపు తోసుకుని ఇసుకలోకి పరుగెత్తింది. కూలబడింది. ఒక ఊపిరి లోపలికి వెళ్లింది. దాని వెనకే ఇంకొకటి.

గాసి వెతుక్కుంటూ వచ్చేసరికి ఆమె వెల్లకిలా, నోరు తెరుచుకుని, కదలకుండా పడి ఉంది. అతను పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. ఊడుస్తున్న అప్పలనరసమ్మ చీపురుతో సహా వచ్చి, "నా ఇంటికొచ్చిన గుంట ఇలాగైపోనాదే!" అని గుండెలు బాదుకుంది. మాస్టారు కళ్లజోడు తీసి, గాసికి ధైర్యం చెప్పబోయారు. రత్న గురక పెట్టింది.

గోలకు లేచి కూర్చుని, "ఏటి? ఎవులు పోనారు?" అంది. "ఇన్నాళ్లకి నిద్రట్టింది, లేపేసినారు!"

అప్పలనరసమ్మ ఆనందం పట్టలేక ఆమెను వాటేసుకుంది. చీపురు రత్న ముక్కు దగ్గరకు వచ్చింది. మళ్లీ పిల్లికూతలు. పక్కనున్న మాస్టారు తుమ్మారు. అందరూ ఒకేసారి చీపురు వంక చూశారు.

గాసి ముఖం పాలిపోయింది. పుష్యంలో చీపురు కోత మొదలైనప్పటి నుంచి ఇంట్లో మోపులన్నీ రత్న మంచం కిందే ఉన్నాయి.

"మంచుకి తడిసిపోతాయని నానే పెట్టినాను రత్నా," అన్నాడు. రత్న అతని చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఊరు చేరిన రోజే గాసి మోపులన్నీ పశువులశాలకు మార్చి, ఇల్లు కడిగాడు. ఆ రాత్రి రత్న తన మంచం మీద వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయింది.

మర్నాడు ఆవు తుమ్మింది.