మునగకాయల తగవులో ఆఖరి మాట

సినిమాల్లో మాటలను చట్టం చేసి నిషేధించాలి! నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నాను. మాటలున్న సినిమా చూసి ఎవరైనా బాగుపడ్డారా? అదే మాటల్లేని కళాత్మక చిత్రమనుకోండి, మురుకులు నమలడానికి కూడా మనసొప్పదు. పక్క సీటాయన గురక శ్రుతిలో వినిపిస్తుంది. నిద్రపట్టని మా తిరునెల్వేలి పెన్షనర్లకు డాక్టర్లు చేయలేని ఉపకారం ఈ చిత్రాలు చేస్తున్నాయి.

నమ్మకపోతే కోమతి సంగతి వినండి.

ఆమె భర్త ఆవుడైయప్పన్ నవలాకారుడు. ఆయన నవల పేరెత్తితే చాలు, మద్రాసు పండితులు భక్తిగా కళ్ళు మూసుకుంటారు. లావుపాటి ఆ నవలంతా ఒకే తగవు. ఆడపడుచు ఇసక్కి పెరట్లోని మునగచెట్టు గోడ దాటి వచ్చి కోమతి వైపు కాస్తే, ఆ కాయలెవరివి? వదినా ఆడపడుచులు గోడకు చెరోవైపు నిలబడి తిట్టుకున్నారు. ఆయన అరుగు మీద కూర్చుని విని, పెద్ద రచయిత అయిపోయారు.

ఆ తగవులో ఆఖరి మాట తనదేనని కోమతి, కాదు తనదేనని ఇసక్కి. ఆ పంతంతోనే ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. పుస్తకం చూద్దామంటే ఇద్దరికీ చదువు రాదు. చదివి చెప్పగలవాళ్ళు ఊళ్ళో ఉన్నారు గానీ, అంత గొప్ప నవలను చివరిదాకా చదివినవాళ్ళెవరూ దొరకలేదు. ఆయన్నే నిలదీస్తే, "సినిమా తీస్తున్నారుగా, అందులో మీరే వినండి" అని తప్పించుకున్నారు. బతకనేర్చిన మనిషి!

దర్శకుడు ఇళంపరిది గడ్డమున్న మేధావి. మాట చవకబారు సరుకని ఆయన సిద్ధాంతం. అందుకని తగవంతా తీసేసి, గోడ మీద ఒక కాకిని కూర్చోబెట్టాడు. కాకి చూస్తుంది. మునగకాయ ఊగుతుంది. కాకి ఇంకా చూస్తుంది. ఎంత లోతు! ఆ కాకికి ఉత్తమ నటి అవార్డు రాకపోవడం ఘోరమైన అన్యాయం.

మొదటి ఆటకు కోమతి పట్టుచీర కట్టుకుని వచ్చింది. రెండు వరసల వెనక ఇసక్కి. తెర మీద గోడ కనబడగానే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కాకి వచ్చి వాలింది. హాలంతా నిశ్శబ్దం. కాసేపటికి ఎవరో ఈల వేశారు.

"సౌండూ! ఒరేయ్ ఆపరేటరూ, సౌండు పెట్టరా!"

జనం కుర్చీలు చరిచారు. ఆపరేటర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "పెట్టానయ్యా! ఇందులో ఉన్నదే అంత!" అని మొత్తుకున్నాడు.

కోమతికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఈ కాకి కోసమా? ఆ వెంటనే ఒళ్ళు మండింది. లేచి నిలబడింది.

"ఆ రోజు నేను ఇలా గుడ్లప్పగించి చూశానా? 'నా గోడ దాటిన కాయ నా పులుసులోదే' అనలేదూ?"

వెనకనుంచి ఇసక్కి లేచింది. "అన్నావులే! నేనేమన్నానో కూడా చెప్పు వదినా! 'నీ నోటికి జడిసి తామ్రపర్ణి నది కూడా ఎదురు పారుతుంది' అనలేదూ?"

అంతే, తెర మీద కాకి, హాల్లో తగవు! పెన్షనర్లందరూ మేలుకున్నారు. చప్పట్లు, ఈలలు. మౌనచిత్రాలు విడిపోయిన కుటుంబాలను కలుపుతాయనడానికి ఇంతకన్నా రుజువు కావాలా?

దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, దండం పెడతాను, కూర్చోండి! నా మౌనం పాడైపోతోంది!"

వదినా ఆడపడుచులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ అతనివైపు తిరిగారు.

"ఏం తంబీ, మాట్లాడే మనుషుల్ని పెట్టుకోవడానికి డబ్బుల్లేకపోయాయా?" అంది ఇసక్కి జాలిగా.

"గోడకు చెరోవైపు మేం బతికే ఉన్నాం గదయ్యా!" అంది కోమతి. "ఒక్క కబురంపితే ఊరికే వచ్చి తిట్టుకునేవాళ్ళం!"

ఆ మాటకు ఇసక్కి కూడా ఎదురు చెప్పలేదు. చూశారా, జనం నోట్లో ఇంత మాట ఉంటే ఇక కళ ఎలా బతుకుతుంది!